అట్టలేని పోలండ్

నా దగ్గర ఒక పుస్తకం ఉంది. దాని పేరేమిటో, రాసిందెవరో ముప్పై ఏళ్ళయినా నాకు తెలియదు. అట్ట లేదు, మొదటి పదహారు పేజీలు లేవు. పదిహేడో పేజీలో సగం వాక్యంతో మొదలవుతుంది, ఎవరో ఒకాయన రాత్రిపూట రైలు దిగి చేతిలో పెట్టెతో చలిలో నిలబడి ఉంటాడు. ఫోన్‌లో రెండు వాక్యాలు కొడితే పేరు దొరుకుతుంది నాన్నా అని మా అబ్బాయి ఇప్పటికి నాలుగైదు సార్లు అన్నాడు. వద్దురా అన్నాను. ఎందుకు వద్దో వాడికి చెప్పలేకపోయాను, నాకే సరిగ్గా తెలియదు.

1994 వానాకాలం. హన్మకొండ చౌరస్తా నుంచి బస్టాండు వైపు పోతుంటే ఫుట్‌పాత్ మీద ఒకాయన పట్టా పరిచి పాత పుస్తకాలు అమ్మేవాడు. ఎక్కువగా గైడ్లు, ఎంసెట్ మెటీరియల్, చిరిగిన డిటెక్టివ్ నవలలు, ఎవరో పెళ్ళైపోయాక అమ్మేసిన ఎమ్మే నోట్సులు. ముసురు పట్టిన రోజుల్లో పుస్తకాల మీద ఇంకో ప్లాస్టిక్ కవరు కప్పి, నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టేవాడు, కొనేవాడు ఆ కవరు లేపి తల లోపల పెట్టి వెతుక్కోవాలి. అట్లా వెతుకుతుంటే దొరికింది ఇది. ఇంగ్లీషు పుస్తకం, లావుగా ఉంది, మధ్యలో నాలుగు నలుపూ తెలుపూ ఫోటోలు, ఒక మ్యాపు. అప్పట్లో నేను డిగ్రీ రెండో సంవత్సరం, గ్రూప్స్ రాయాలంటే ఇంగ్లీషు బాగుపడాలి అని ఎవరో అంటే ఆ టెన్షన్‌లో ఇంగ్లీషులో ఏది కనపడితే అది చదువుతున్నాను.

పదిహేను రూపాయలన్నాడు.

"అట్ట కూడా లేదు గదన్నా."

"అట్ట చదువుతవా తమ్మీ, లోపలున్నది చదువుతవా?"

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఎనిమిది రూపాయలు ఉన్నాయి. అవే ఇచ్చాను. బస్సు పైసలు కూడా అందులోనే పోయాయి కాబట్టి పుస్తకం చొక్కా లోపల పెట్టుకుని కుమార్‌పల్లి దాకా నడిచాను.

ఇంటికి వచ్చి చూస్తే అది పోలండ్ మీద. పోలండ్ అంటే నాకు తెలిసింది అక్కడి నాయకుడు వలేసా పేరు ఒక్కటే, అదీ పేపర్లో చూసి. పుస్తకం రాసినాయన క్రాకోవ్ నుంచి మొదలుపెట్టి వార్సా మీదుగా సముద్రపు ఒడ్డున ఉన్న గ్డాన్స్క్ దాకా పోతాడు, రైళ్ళలో, బస్సుల్లో. ఎక్కడ తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు లాంటివి కొంచెమే. ఏ ఊళ్ళో ఆగినా ఒకే ప్రశ్న: 123 ఏళ్ళు పటంలో లేని దేశం మనుషుల్లో ఎట్లా మిగిలింది? రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి 1772లో కొంత, 1793లో రష్యా, ప్రష్యా మాత్రమే ఇంకొంత, 1795లో మళ్ళీ ముగ్గురూ మిగిలిందంతా పంచుకున్నారు. మళ్ళీ పోలండ్ అనే దేశం వచ్చింది 1918 నవంబరులో. నడుమ అయిదారు తరాలు. పుస్తకం చివర గ్డాన్స్క్ ఓడల కార్ఖానా గేటు ముందర ముగుస్తుంది. 1980 ఆగస్టు సమ్మెలో కార్మికులు తమ 21 డిమాండ్లను చెక్క పలకల మీద రాసి ఆ గేటుకు వేలాడదీశారు, వాటి సంగతి చెప్పి ఇక ఏమవుతుందో చూడాలి అన్నట్టుగా ఆపేస్తాడు. 1981 డిసెంబరులో అక్కడ సైనిక పాలన పెట్టారు, దాని మాటే లేదు కాబట్టి పుస్తకం అంతకు ముందే అచ్చయి ఉంటుందని లెక్కగట్టాను. నేను చదివేనాటికి ఆ గేటు దగ్గర సమ్మె నడిపిన ఎలక్ట్రీషియన్ వలేసా దేశానికి అధ్యక్షుడైపోయి నాలుగేళ్ళు. రాసినాయనకు తెలియని ముగింపు కుమార్‌పల్లిలో కూర్చున్న నాకు తెలుసు, అదొక గమ్మత్తు.

కానీ ఈ పుస్తకం నాకు అంటుకుపోయింది పోలండ్ వల్ల కాదు, మొదట్లో. పేజీల పక్కన పెన్సిల్ రాతల వల్ల. పాత ఓనరు ఎవరో శ్రద్ధగా చదివాడు. అక్కడక్కడా గీతలు, ఇంగ్లీషు మాటల కింద తెలుగు అర్థాలు, కొన్ని చోట్ల పక్కన రెండే మాటలు: "మన లెక్కనే". మూడు రాజ్యాలు పంచుకున్న పేజీ పక్కన మన లెక్కనే. బడిలో సొంత భాష బంద్ చేసిన పేజీ పక్కన మన లెక్కనే. ఒక చోట ఇంకా వింతగా ఉంది. రష్యా ఏలుబడిలోని వార్సాలో పోలిష్ భాషలో పై చదువులు చెప్పడానికి ఇళ్ళల్లో రహస్యంగా తరగతులు నడిపేవారు, పోలీసులకు దొరకకుండా ఇవాళ ఈ ఇంట్లో, రేపు ఆ ఇంట్లో. ఎగిరే విశ్వవిద్యాలయం అని దానికి పేరు. ఆడవాళ్ళు ఎక్కువగా చదివారు, తర్వాత మేరీ క్యూరీ అయిన మరియా కూడా అందులో చదివిందే. ఆ పేరా పక్కన "భాషా నిలయం?" అని రాసి ప్రశ్నార్థకం పెట్టాడు. అంటే మనూరోడే! హన్మకొండలో 1904లో పెట్టిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం సంగతి తెలిసినవాడు తప్ప ఇంకెవరు రాస్తారు ఆ మాట.

మళ్ళీ పోయి అమ్మినాయనను అడిగాను, ఈ పుస్తకం ఎవరిచ్చారన్నా అని. కాజీపేట రైల్వే క్వార్టర్ల దిక్కు నుంచి ఒక సంచి నిండా తూకానికి వచ్చినయి, ఎవరియో ఏమో, అన్నాడు. రిటైరై ఇల్లు ఖాళీ చేసిన రైల్వే ఉద్యోగి అయి ఉంటాడని నా ఊహ. పోలండ్ రైళ్ళ గురించి ఉన్న చోటల్లా గీతలు కొంచెం ఒత్తుగా ఉన్నాయి మరి.

మా తాత అప్పుడు మాతోనే ఉండేవాడు, డెబ్బై నాలుగేళ్ళు. పరకాల దిక్కు పల్లె నుంచి వచ్చి తహసీల్ కచేరీలో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. చదివిందంతా నిజాం కాలంలో, ఉర్దూలో. రామాయణం తెలుగులో చదివేవాడు, లెక్క మాత్రం ఉర్దూలో రాసేవాడు. కరెంటు పోయిన సాయంత్రాలు వాకిట్లో నులకమంచం వేసుకుని కూర్చుంటే, చదివిన పేజీలు ఆయనకు తెలుగులో చెప్పేవాణ్ణి. మొదట ఆయన కోసం కాదు, నాకు అర్థమైందో లేదో చూసుకోవడానికి.

ముందు ఆయనకు నచ్చింది బాకా కథ. క్రాకోవ్‌లో ఒక చర్చి గోపురం మీది నుంచి గంటగంటకూ నాలుగు దిక్కులకూ బాకా ఊదుతారు, పాట నడుమ ఉన్నట్టుండి ఆగిపోతుంది. 1241లో తాతార్లు ఊరి మీద పడ్డప్పుడు కావలివాడు బాకా ఊది ఊరిని లేపుతుంటే గొంతులో బాణం దిగిందని, అందుకే ఇప్పటికీ అక్కడిదాకే ఊది ఆపేస్తారని చెప్పుకుంటారు. నిజమో కాదో రూఢి లేదు అని పుస్తకంలోనే ఉంది. తాత మాత్రం "నిజమే అయి ఉంటది, అబద్ధమైతే పాట పూర్తి చేసెటోళ్ళు" అన్నాడు. ఈ తర్కం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు కానీ కొట్టిపారెయ్యలేను.

తర్వాత బడి పిల్లల సంగతి. 1901లో జర్మన్ల ఏలుబడిలో ఉన్న ఒక చిన్న పట్టణంలో దేవుడి పాఠం కూడా జర్మన్‌లోనే చెప్తాం అంటే పోలిష్ పిల్లలు నోరు విప్పలేదు. పంతుళ్ళు బెత్తాలతో కొట్టారు. పిల్లల అరుపులు విని బడి ముందర గుమిగూడిన తల్లిదండ్రుల్లో కొందరిని జైల్లో పెట్టారు. ఇది చెప్పి, పక్కన రాసిన "మన లెక్కనే" కూడా చదివి వినిపించాను. తాత చాలాసేపు మాట్లాడలేదు.

"ఎవడు రాసిండో గాని, వాడు ఉర్దూ బడిల చదువలే" అన్నాడు ఆఖరికి.

"అదేంది తాతా, నిన్ను కూడా కొట్టిండ్రని చెప్పినవ్ గదా?"

"కొట్టిండ్రు. లెక్కలు రాకుంటే కొట్టిండ్రు. తెలుగు మాట్లాడినందుకు ఒక్కటే సారి, అదిగూడ మా సారు భయపడి కొట్టిండు, ఇన్‌స్పెక్టర్ వచ్చి కూసున్నడు ఆనాడు."

ఆ రోజు సంగతి మొత్తం చెప్పాడు. ఇన్‌స్పెక్టరు ఏదో అడిగితే ఈయనకు ఉర్దూ మాట నోటికి రాలేదు, తెలుగులో చెప్పేశాడు. సారు చెయ్యి చాపమన్నాడు. రెండు దెబ్బలు. సాయంత్రం అదే సారు ఇంటికి వచ్చి బెల్లం ముక్క చేతిలో పెట్టి, మా ముత్తాతతో "నా నౌకరీ పోతుండె" అన్నాడట. ఇది విని నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే పుస్తకంలో ఇలాంటిదే ఇంకొకటి ఉంది. వార్సాలో రష్యన్ ఇన్‌స్పెక్టరు వస్తే తరగతిలో పోలిష్ పుస్తకాలు గబగబా దాచేసేవారు. రష్యన్ బాగా వచ్చిన చిన్నపిల్ల మరియాను లేపేవారు, జార్ చక్రవర్తుల పేర్లు వరసగా అప్పజెప్పడానికి. ఆయన వెళ్ళిపోయాక ఆ పిల్ల ఏడ్చేసేది. పెద్దయ్యాక 1898లో తాను కనిపెట్టిన మూలకానికి పొలోనియం అని పేరు పెట్టింది, అప్పటికి పోలండ్ అనే దేశం ఏ పటంలోనూ లేదు.

ఇది చెప్తే తాత "మంచి పని చేసింది" అన్నాడు. ఇంకో ప్రశ్న అడిగాడు, నేను ఊహించనిది. "ముగ్గురు పంచుకున్నరంటివి గదా, ముగ్గుర్ల ఎవడు నయం?" పుస్తకంలో చూసి చెప్పాను, ఆస్ట్రియా వాళ్ళు, క్రాకోవ్‌లో పోలిష్ చదువులు సాగనిచ్చారు అని. తల ఊపాడు. ఊళ్ళో ముగ్గురు దొరల కింద బతికినవాడికి తోచే ప్రశ్న అది, నాకు తోచలేదు.

మూడు ముక్కల సంగతి దగ్గర మాత్రం ఆయన పాత ఓనరుతో పెద్ద పేచీయే పెట్టుకున్నాడు. నాకేమో అది సరిగ్గా సరిపోయినట్టు కనిపించింది. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం కూడా మూడు ముక్కలే అయింది కదా, తెలుగు జిల్లాలు ఆంధ్రలో, మరాఠీ జిల్లాలు బొంబాయిలో, కన్నడ జిల్లాలు మైసూరులో కలిశాయి. మన లెక్కనే! తాత ఒప్పుకోలేదు. మ్యాపు పేజీ తియ్యమన్నాడు. లాంతరు దగ్గరికి జరుపుకుని, మూడు రకాల గీతలు గీసి చూపించిన మూడు ముక్కల మీద వేలు పెట్టి అడిగాడు.

"ఈడ ఏం మాట్లాడుతరు?"

"పోలిష్."

"ఈడ?"

"పోలిష్ తాతా."

"ఈడ గూడ అదేనాయె. ఒక్కటే మాట మాట్లాడెటోళ్ళను మూడు తుకడాలు చేసిండ్రు. మనం మూడు మాటలోళ్ళం, ఎవరి మాటోళ్ళ దగ్గరికి వాళ్ళను పంపిండ్రు. మన లెక్కనే ఎట్లయితది? తప్పు రాసిండు."

"మరి మనకు బాధ లేదా?"

"బాధ లేదన్ననా నేను? నాందేడ్ల నా దోస్తు ఉండె. 56 తర్వాత వాని కాయిదాలు బొంబాయికి పోవట్టె, నాయి హైదరాబాద్‌కు. ఇద్దరం ఉర్దూల చిట్టీలు రాసుకునేటోళ్ళం. బాధ వేరే, లెక్క వేరే."

ఆయన మనసులో ఉర్దూ ఎక్కడ ఉందో నాకు ఆ రోజు కొంచెం కనిపించింది. నేను కాలేజీలో విన్న ఉపన్యాసాల్లో ఉర్దూ అంటే నిజాం రుద్దిన భాష, అంతే. 1921లో హైదరాబాద్‌లో ఒక సభలో తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారని, ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టిందని, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చాడని, ఇవన్నీ నాకు నోటికి వచ్చు. తాతకు కూడా తెలుసు, నాకంటే బాగా. పట్నంలో చదువుకునే రోజుల్లో పగలు బడిలో ఉర్దూ, సాయంత్రం భాషా నిలయంలో తెలుగు పేపర్లు. కానీ ఆయన దోస్తుకు ఉత్తరం రాసుకున్నది ఉర్దూలోనే, గజల్ వింటే కళ్ళు మూసుకునేవాడు, కోపం వస్తే మాత్రం అచ్చ తెలుగు. దస్తీ, దవాఖాన, పరేషాన్, జల్దీ, బేఫికర్... మనం రోజుకు వంద సార్లు అనే ఈ మాటల్ని ఏరి పారేస్తే మన నోట్లో తెలుగు ఎంత మిగులుతుందో చూడమనేవాడు. పోలండ్‌కు, మనకు ఇక్కడ పొంతన కుదరదు. లేదా పుస్తకం రాసినాయన రష్యన్‌ను ప్రేమించిన పోలిష్ గుమాస్తా ఎవరినీ కలవలేదేమో.

ఆ శీతాకాలం అయ్యేసరికి పుస్తకం పూర్తయింది. నేను కాలేజీకి పోయాక తాత దాన్ని దిండు పక్కన పెట్టుకునేవాడని అమ్మ చెప్పేది. ఇంగ్లీషు రాదు, అయినా ఫోటోలు చూసేవాడు, ముఖ్యంగా వార్సా పాతబస్తీ ఫోటోలు రెండు: ఒకటి 1945లో రాళ్ళ దిబ్బ, ఇంకొకటి తిరిగి కట్టిన తర్వాత. 1944 తిరుగుబాటు అణిచాక నాజీలు ఆ ఊరిని వీధి తర్వాత వీధి పద్ధతిగా కాల్చి పేల్చేశారు, యుద్ధం అయ్యేసరికి నూటికి 85 పాళ్ళు నేలమట్టం. దాన్ని పోలండ్ వాళ్ళు ఉన్నదున్నట్టు తిరిగి కట్టుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో బెలొట్టో అనే ఇటలీ చిత్రకారుడు వార్సా వీధుల్ని కిటికీ కిటికీ లెక్కన వేసిన బొమ్మలు ఉంటే వాటిని ముందర పెట్టుకుని మరీ. 1980లో యునెస్కో ఆ కొత్త పాతబస్తీని వారసత్వ జాబితాలో చేర్చింది. "కొత్తది కట్టి పాతది అంటరా?" అని నేను నవ్వితే తాత నవ్వలేదు. ఖిలా వరంగల్‌లో 1323 తర్వాత పడిపోయిన స్వయంభూ దేవుడి గుడి రాళ్ళు ఇంకా అట్లానే పడి ఉన్నయి, నాలుగు తోరణాలు నిలబడి ఏం లాభం, మనకు అట్లాంటి బొమ్మ వేసి పెట్టినోడు ఒక్కడు లేకపాయె అన్నాడు.

2001లో తాత పోయాడు. ఆయన ఇనుప పెట్టెలో బట్టల కింద ఈ పుస్తకం ఉంది, ఎప్పుడు పెట్టుకున్నాడో. తిరగేస్తే మ్యాపు వెనక ఖాళీ పేజీలో పెన్సిల్‌తో ఏడెనిమిది వరసలు ఉర్దూలో ఉన్నాయి, తాత చేతిరాతే. నాకు ఉర్దూ అక్షరం ముక్క రాదు. నాన్నకూ రాదు, ఆయన బడికి పోయేటప్పటికి కాలం మారిపోయింది. ఎవరితోనైనా చదివించాలి అనుకున్నాను, అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. అసలు చెప్పాలంటే చదివించడం ఇష్టం లేదు. మ్యాపు వెనక రాశాడు కాబట్టి పోలండ్ గురించే అయి ఉంటుంది, పాత ఓనరుకు జవాబు రాసి ఉంటాడు, లేదా నాందేడ్ దోస్తు మాట ఏమైనా... ఇట్లా నాకు నచ్చినట్టు ఊహించుకున్నాను. ఉద్యమం రోజుల్లో, 2011 సకల జనుల సమ్మె అప్పుడు, రోడ్డు మీద వంటావార్పు దగ్గర కూర్చుని నలుగురికి ఈ పోలండ్ కథ చెప్పినప్పుడు కూడా "మా తాత ఉర్దూలో దీని మీద రాసిండు" అని గొప్పగా చెప్పుకున్నాను. మూడు ముక్కల పోలిక కూడా వాడేశాను, తాత తప్పన్నాడని తెలిసీ. ఉపన్యాసానికి బాగుంటుందని. 2014 జూన్ 2 రాత్రి చౌరస్తాలో పటాకులు కాలుస్తుంటే ఆ అబద్ధం కొంచెం గుచ్చుకుంది, కొంచెమే.

2024 మార్చిలో శివరాత్రికి వేయిస్తంభాల గుడికి పోయాం. కల్యాణ మండపం తెరిచారని. మీలో ఇక్కడివాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ మండపాన్ని బాగుచెయ్యడానికని విప్పి, రాళ్ళను నంబర్లు వేసి పక్కన పడుకోబెట్టారు, ఏళ్ళ తరబడి అవి అట్లానే ఉన్నాయి. మా అబ్బాయి పుట్టి, పెరిగి, ఇంజనీరింగ్‌లో చేరేదాకా వాడికి తెలిసిన మండపం అంటే వరసగా పరిచిన నంబర్ల రాళ్ళే. ఆ రోజు అవన్నీ లేచి నిలబడి ఉన్నాయి. దగ్గరికి పోయి చూస్తే పాత రాయి నల్లగా, నూనె పట్టినట్టు నున్నగా, దాని పక్కనే కొత్తగా చెక్కి అతికిన ముక్క కొంచెం లేత రంగులో. కొన్ని చోట్ల ఒకే తీగ చెక్కడం సగం పాతదీ, సగం కొత్తదీ. వేలు పెట్టి జరిపితే అతుకు దగ్గర గోరు ఆగుతుంది. 1163లో రుద్రదేవుడు కట్టించిన దాంట్లో 2023లో చెక్కిన రాయి ఏదో చెప్పెయ్యొచ్చు, ఇప్పటికైతే. యాభై ఏళ్ళ వానలు పడితే చెప్పలేరు.

ఇంటికి వచ్చి వార్సా ఫోటోల కోసం పుస్తకం తీశాను. మ్యాపు వెనక రాతలు కూడా కనిపించాయి మళ్ళీ. ఇక లాభం లేదని మర్నాడే పుస్తకం సంచిలో పెట్టుకుని మండీబజార్ పోయాను. అక్కడ ఒక జిరాక్స్ షాపులో పెద్ద భాయ్ ఉంటాడు, పాత ఉర్దూ దస్తావేజులు చదివి పెడతాడని మా ఆఫీసులో అందరూ పోతారు.

"చాచా, ఇది జర చూడుండ్రి, మా తాత రాసిండు."

కళ్ళద్దాలు పైకి జరిపి, పేజీని కంటికి దగ్గరగా పట్టుకున్నాడు. పెదాలు కదిపాడు. నేను ఊపిరి బిగబట్టాను అంటే అతిశయం అనుకోకండి, నిజంగానే బిగబట్టాను.

"పాల లెక్క, బాబూ."

"ఏందీ?"

"దూద్. చూడు, సోమవారం ఒక లీటర్. మంగళ్, రాలే. బుధ్, అరలీటర్, నీళ్ళు ఎక్కువ అని రాసిండు. గురువారం మళ్ళ ఒక లీటర్." వేలితో వరస వరసా చూపిస్తూ కిందికి దిగాడు. "ఆఖరికి మొత్తం కూడిండు, పన్నెండు రూపాయలు కోసిండు. నీళ్ళకు."

షాపులో ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళు కూడా నవ్వారు. నాకు నవ్వు రావడానికి కొంచెం టైం పట్టింది. చాచా మాత్రం పేజీ తిరిగి ఇవ్వకుండా ఇంకా చూస్తున్నాడు.

"రాత మస్తుంది మీ తాతది. మా పోరగాళ్ళు ఒక్కడు రాయడు ఇట్ల." తర్వాత పేజీ తిప్పి మ్యాపు చూసి, "ఇదేం దేశం?" అన్నాడు.

చెప్పాను. మూడు ముక్కల సంగతి కూడా చెప్పాను, ఈసారి తాత చెప్పినట్టే. మధ్యలో ఇద్దరు ముగ్గురు ఆధార్ కార్డుల జిరాక్స్‌కు వచ్చి పోయారు. లేచేటప్పుడు ఆ పాల లెక్క పేజీ రెండు కాపీలు తీయించుకున్నాను, ఒకటి అబ్బాయికి. చాచా పైసలు తీసుకోనన్నాడు, బలవంతంగా గల్లా మీద పెట్టి వచ్చాను.